కలం పొట్టు

ఇలియాస్ రాత ముత్యాల కోవ. కూర్చునే చోటు మాత్రం కోళ్ళు కెలికిన పెంటదిబ్బ. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో ఆ పైవాడికే తెలియాలి.

తుంగభద్రలో కలిసే ఒక వాగు పక్కన సూఫీల మఠం ఒకటి ఉండేది. ఖాన్ఖా అనేవారు దాన్ని. అక్కడి గురువు ఫకీరుల్లా షా. అందరికీ ఆయన హజ్రత్. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, గట్టిగా గాలి వీస్తే పడిపోతారేమో అనిపించేవారు. ఆయనా, నలుగురైదుగురు శిష్యులూ పగలంతా చాపల మీద కూర్చుని గ్రంథాలకు నకళ్ళు రాసేవారు. అచ్చు పుస్తకాలు ఇంకా మన వైపు రాని రోజులవి. వాగు గట్టున పెరిగే కిక్కిస పుల్లలే వాళ్ళ కలాలు. మొన అరిగితే చాకుతో కాస్త చెక్కుకోవడం, మళ్ళీ రాసుకోవడం.

మన ఇలియాస్‌కు అంత ఓపిక ఎక్కడిది? గుర్రాల వర్తకుడి కొడుకు. పుట్టి బుద్ధెరిగాక చీపురు పట్టినవాడు కాడు. మొన కాస్త మొద్దుబారిందంటే ఆ కలం అవతల పడేది, కొత్త పుల్ల చేతికొచ్చేది. అక్షరం ఒక్కటి వంకరపోతే కాగితం ఉండచుట్టి మూలకు విసిరేసేవాడు. సిరాబుడ్డికి మూత ఎందుకు పెడతారో అతనికి తెలుసో లేదో నేను చెప్పలేను.

ఒకరోజు ఆ మూత లేని బుడ్డి దొర్లింది. పక్కన తోటి శిష్యుడు బషీరు రెండు నెలలుగా రాస్తున్న పుస్తకం మీదికి సిరా పారింది. బషీరు అట్లా చూస్తూ ఏడ్చాడు.

హజ్రత్ లేచి వచ్చారు. తన పైగుడ్డతోనే సిరా అద్దారు.

"ఇలియాస్, ముందు చోటు శుభ్రం చేసుకో నాయనా. అక్షరాలు ఎక్కడికీ పోవు."

అంతే అన్నారు. నలుగురి ముందు అన్నారు కదా, ఇలియాస్‌కు తల కొట్టేసినట్టయింది. శుభ్రమంటే ఏమిటో వీళ్ళకు చూపించి తీరాలనుకున్నాడు.

అవకాశం రెండు రోజుల్లోనే వచ్చింది. పక్క ఊళ్ళో ఎవరో పోతే హజ్రత్ శిష్యుల్ని వెంటబెట్టుకుని జనాజాకు వెళ్ళారు. ఇలియాస్ కడుపునొప్పి అని చెప్పి ఆగిపోయాడు. వాళ్ళు గడప దాటారో లేదో చొక్కా చేతులు పైకి మడిచాడు. చాపలన్నీ దులిపాడు. పాత కాగితాలు, సిరా అంటిన గుడ్డ పీలికలు, విరిగిన కలాలు అన్నీ బుట్టకెత్తాడు. హజ్రత్ కూర్చునే చోట గూట్లో ఒక కుండ కనిపించింది. మూత తీసి చూస్తే నిండా పొట్టు. కలాలు చెక్కగా రాలిన తునకలు, అంచులు సిరాకు నల్లబడి, ఎన్నేళ్ళ నాటివో.

"చెత్తను గూట్లో పెట్టి మూత వేసుకున్నాడు ముసలాయన. నీతులేమో నాకు!" అని నవ్వుకున్నాడు.

శ్రావణమాసం, వాగు నిండుగా పారుతోంది. బుట్టా కుండా రెండూ తీసుకెళ్ళి నీళ్ళలో బోర్లించాడు. పొట్టు సుడి తిరిగి కొట్టుకుపోయింది. సిరా పీలికల నలుపు వెనకాలే సాగింది. కింద రేవులో బట్టలుతుకుతున్న చాకలి నాగమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని అరిచింది.

"నీ చేతులు పడిపోను! పైన నువ్వు నలుపు కలిపితే కింద నేను తెలుపెట్లా తియ్యాల్రా?"

ఇలియాస్ వినీ విననట్టు వెనక్కి తిరిగాడు. కుండను సిరా మరకలు పోయేదాకా తోమి, ఎండలో బోర్లించాడు.

సాయంత్రం హజ్రత్ వచ్చారు. గది చూశారు. "బాగుంది నాయనా" అన్నారు, నిజంగానే సంతోషంగా. గూడు వైపు చూశారు. మళ్ళీ చూశారు. వాకిట్లోకి నడిచి, బోర్లించిన కుండ దగ్గర నిలబడ్డారు.

చాలాసేపటికి కుండ ఎత్తి లోపలికి తెచ్చుకున్నారు. తన కలం తీసి మొన కొద్దిగా చెక్కారు. గోరంత తునక రాలింది. దాన్ని అరచేతిలో పట్టి, కుండలో వేసి, మూత పెట్టి, గూట్లో ఉంచారు. ఆ తరవాత నమాజుకు వెళ్ళిపోయారు. ఎవరినీ ఏమీ అడగలేదు.

ఇలియాస్‌కు ఒళ్ళు మండింది. ఇంత చాకిరీ చేస్తే దక్కింది ఒక్క మాటా? నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు. అక్కడ వండిపెట్టే బూబమ్మ హజ్రత్ కంటే రెండేళ్ళు పెద్దది. పదహారేళ్ళప్పుడు ఆ వంటింట్లో అడుగుపెట్టిన మనిషి, అందరి గోడూ వినేది ఆమే.

"చూడు బూబమ్మా, గది అద్దంలా చేశాను. గూట్లో కుండెడు చెత్త ఉంటే అది కూడా వాగులో పోశాను. ఆయన మళ్ళీ అందులోనే చెత్త వేస్తున్నాడు!"

బూబమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏ కుండరా?"

"అదే, కలం పొట్టు కుండ."

"అయ్యో అల్లా! ఎంత పని చేసినావురా. అది ఆయన స్నానానికి రా."

"స్నానానికా? హజ్రత్ రోజూ చన్నీళ్ళే కదా పోసుకునేది?"

"ఆఖరి స్నానానికి."

ఇలియాస్‌కు అర్థం కాలేదు. అర్థమయ్యాక గుమ్మంలోనే కూర్చుండిపోయాడు.

బూబమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "ఆయన గురువు కూడా ఇట్లానే దాచుకున్నాడు. రాసిన ప్రతి కలం పొట్టూ. పోయినప్పుడు ఒంటికి పోసే నీళ్ళు ఆ పొట్టుతోనే కాచాల. తన కోసం ఏ చెట్టు మీదా ఒక్క కొమ్మ కూడా కొట్టకూడదని. ఆ నీళ్ళు కాచింది నేనే, అందుకే నాకు తెలుసు. ఈయన నలభై ఏళ్ళుగా దాస్తున్నాడు. ఎవరికీ చెప్పుకోడు. చెప్పి ఉంటే బాగుండు."

ఆ మర్నాడు ఇలియాస్ కొడవలి తీసుకుని వాగుకు వెళ్ళాడు. తప్పు చేసినవాడి తొందర ఎట్లా ఉంటుందో మనకు తెలియనిదా? గట్టున ఉన్న కిక్కిస పొదంతా కోశాడు. మోపులు మోసుకొచ్చి, పశువుల కొట్టంలో కూర్చుని, మూడు రోజులు తిండీ నిద్రా లేకుండా చెక్కాడు. చేతులు బొబ్బలెక్కి పగిలాయి. నాలుగోరోజు గూట్లో కుండను ఆ పొట్టుతో నింపి హజ్రత్ ముందు పెట్టి, తల వంచుకుని నిలబడ్డాడు.

హజ్రత్ ఒక తునక తీసుకున్నారు. వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూశారు. ఇంకొకటి తీశారు. అన్నీ తెల్లగా ఉన్నాయి.

"ఇవి రాయలేదు నాయనా."

ఇలియాస్ బావురుమన్నాడు. హజ్రత్ అతని చేతులు తన చేతుల్లోకి తీసుకుని బొబ్బలు చూశారు. నూనె తెమ్మని బూబమ్మను కేకేశారు. నూనె రాస్తుండగా వాగు వైపు నుంచి గిజిగాళ్ళ గోల వినబడుతూనే ఉంది. గూళ్ళున్న పొద లేదు, మొదళ్ళ మీదే తిరుగుతున్నాయి. హజ్రత్ అటు చూసి, ఇలియాస్ మొహం చూశారు.

"పుల్లలు ఎన్ని మిగిలాయి?"

"లెక్క లేదు హజ్రత్. కొట్టం నిండా ఉన్నాయి."

"అవి అయిపోయేదాకా వాగు గట్టుకు వెళ్ళకు. ఈ పొట్టు బూబమ్మకు ఇవ్వు, గంజి కాగుతుంది."

పొట్టు వంపేశాక అడుగున దొరికిన ఆ గోరంత సిరా తునకను ఖాళీ కుండలో మళ్ళీ వేసి గూట్లో పెట్టుకున్నారు.

అప్పటి నుంచి ఇలియాస్ మనిషి మారాడు. ఒక్క కలంతో, అది వేళ్ళకు అందనంత పొట్టిదయ్యేదాకా రాశాడు. కాగితం రెండువైపులా నిండితే తప్ప పక్కన పెట్టేవాడు కాదు. కలం కడిగిన నీళ్ళు కూడా సిరాబుడ్డిలోకే వంచేవాడు. లేచేముందు తన చోటూ, బషీరు చోటూ ఊడ్చేవాడు. "ఏం భయ్యా, చాప అరిగిపోతుందేమో" అని తక్కినవాళ్ళు ఆటపట్టిస్తే నవ్వేవాడు కాదు. తన పొట్టు తాను ఒక గుడ్డలో మూటకట్టుకోసాగాడు.

అతని ప్రాణమంతా మాత్రం గూట్లో కుండ మీదే ఉండేది. రోజూ మూత తీసి చూసేవాడు. హజ్రత్ కలం నెమ్మదిగా అరిగేది, చెక్కితే రవ్వంత రాలేది. ఇట్లా అయితే ఎప్పటికి నిండేను? పిచ్చివాడు ఏం చేశాడో తెలుసా? ఒకరోజు హజ్రత్ ముందు మంచి కాగితం తీసేసి గరుకు కాగితం పెట్టాడు, మొన త్వరగా అరుగుతుందని.

హజ్రత్ రెండు పంక్తులు రాసి ఆగారు.

"కాగితం మారిందే."

ఇలియాస్ నేల చూపులు చూశాడు.

"నా కలాన్ని తొందరపెట్టకు నాయనా" అని మెల్లగా నవ్వి, ఆ గరుకు కాగితం మీదే పేజీ పూర్తి చేశారు.

కార్తీకం వెళ్ళేసరికి హజ్రత్‌కు దగ్గు పట్టుకుంది. పుష్యమాసంలో చెయ్యి వణకడం మొదలైంది. ఒకనాడు కలం పట్టుకుని, పెట్టేసి, మళ్ళీ పట్టుకోలేదు. ఆ రోజు కుండలో ఉన్నది గుప్పెడు. సరిగ్గా గుప్పెడు.

ఇలియాస్ మంచం పక్కనే కూర్చుని కాళ్ళు ఒత్తేవాడు. అడగకూడదని ఎంత బిగబట్టుకున్నా ఒక మధ్యాహ్నం ఆగలేకపోయాడు.

"హజ్రత్, నలభై ఏళ్ళది ఒక్క గడియలో పారబోశాను. ఉన్నది చెంబు నీళ్ళకు కూడా చాలదు. నేనేం చెయ్యను?"

హజ్రత్ కళ్ళు తెరిచారు. అంత జ్వరంలోనూ ఆ కళ్ళలో కోపం లేదు. అది ఉన్నా బాగుండేదని ఇలియాస్ అనుకున్నాడు.

"చన్నీళ్ళే పొయ్యి" అన్నారు. ఇలియాస్ చెయ్యి పట్టుకుని, "నువ్వే పొయ్యి" అన్నారు.

రెండు రోజుల తరవాత, పొద్దుటి నమాజు వేళకు ఆయన పోయారు. ఆ ఏడు చలి మామూలు చలి కాదు. ఊరి రైతు ఒకాయన ఏడుస్తూ బండిలో తుమ్మమొద్దు వేసుకొచ్చాడు, నీళ్ళు కాచడానికి. ఇలియాస్ వాకిట్లో ఎదురెళ్ళి చేతులు జోడించాడు.

"వద్దు మామా. ఆయన కోసం ఒక్క కొమ్మ కూడా వద్దు."

ఆఖరి స్నానానికి ఆనవాయితీగా రేగాకు వేసిన నీళ్ళ బిందె పొయ్యి మీద పెట్టారు. కింద హజ్రత్ కుండలోని గుప్పెడు పొట్టు ఇలియాస్ వేశాడు. తన మూట విప్పి అందులోది కూడా వేశాడు, ఒక్క తునక మిగుల్చుకోకుండా. మంట లేచింది. చుట్టూ అందరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. నాలుగు మాటలు మాట్లాడుకునేంత సేపు కూడా లేదు, ఆరిపోయింది.

"కాగినాయా?" అని లోపలి నుంచి బూబమ్మ అడిగింది.

ఇలియాస్ నీళ్ళలో చెయ్యి పెట్టి చూశాడు.

"లేదు బూబమ్మా. చలి విరిగిందంతే."

బషీరు హజ్రత్ తలను ఎత్తి పట్టుకున్నాడు. ఇలియాస్ మొదటి చెంబు ఆయన కుడివైపు పోశాడు. భుజం నుంచి చేతి మీదుగా వేళ్ళ దాకా నెమ్మదిగా కడిగాడు. చూపుడు వేలి మీద సిరా మరక ఒకటి అట్లాగే ఉండిపోయింది. బషీరు దాన్ని చూపించాడు.

ఇలియాస్ ఆ వేలు రుద్దలేదు. దాని మీద నీళ్ళు పోసి, ఎడమవైపుకు వెళ్ళాడు.