నేరేడు చేపని పూట

అనగనగా గోదారి నడుమ ఒక లంక ఉండేదే, అమ్మడూ. చుట్టూ నీళ్ళు, మధ్యలో అరటితోటలు. అవతలి ఒడ్డుకి పోవాలంటే పడవే గతి. ఆ లంకలో నూకరత్నమని ఒకావిడ, ఆవిడ మొగుడు ఏడుకొండలు, వాళ్ళకో గేదె. గేదె పేరు నేరేడు. ఊఁ కొట్టు మరి, నేనేమన్నా గోడకి చెబుతున్నానా?

ఒక ఏడు నూకరత్నానికి పట్నాలు చూడాలని బుద్ధి పుట్టింది. ముందు హైదరాబాదులో చెల్లెలింటికి పోయింది. తొమ్మిదో అంతస్తు. కింద బళ్ళ హారన్లు, పైన ఎవరో గోడకి మేకులు కొట్టడం. నూకరత్నం "ఒసే చెల్లీ, తాగే నీళ్ళేవే?" అందో లేదో, "మెల్లగా అక్కా, పక్క ఫ్లాటువాళ్ళు వింటారు" అంది చెల్లెలు.

ఆ తర్వాత బెంగుళూరులో ఆడపడుచింటికి పోయింది. పొద్దున్న గుడికని బయల్దేరితే మధ్యాహ్నానికీ చేరలేదు, కారు కదిలితేగా! "ఇదేం ఖర్మమ్మా?" అంది నూకరత్నం. "మెల్లగా వదినా, డ్రైవరు వింటాడు" అంది ఆడపడుచు.

ఆ తర్వాత చెన్నపట్నంలో మేనకోడలింటికి పోయింది. అక్కడ మాల్లో కదిలే మెట్లెక్కబోతే కుచ్చిళ్ళు ఇరుక్కున్నాయి. కెవ్వుమంది. "మెల్లగా అత్తా, అందరూ చూస్తున్నారు" అంది మేనకోడలు.

విడ్డూరం చూశావా? ఊరూరంతా మోత మోగిపోతుంటే తప్పులేదట, ఈవిడ గొంతే ఎక్కువైందట! పదిరోజులయ్యేసరికి నూకరత్నానికి గుసగుసలే అలవాటైపోయాయి. చాలు బాబోయ్ అనుకుని రైలెక్కి, బస్సెక్కి, పడవెక్కి లంకలో దిగింది.

దిగి ఇంటికొచ్చి చూస్తే ఏముంది? పశువుల పాకలో తన పాత గళ్ళచీర చుట్టుకుని ఎవరో పాలు పితుకుతున్నారు. మూతికి మీసం కూడానూ!

"ఏంటయ్యా ఈ వేషం?"

"ఏం చెయ్యమంటావే? నువ్వెళ్ళిన పూటే తన్నింది, మోకాలు చూడు. నీ చీర కడితేగానీ చేపలేదు" అన్నాడు ఏడుకొండలు.

చేపడమంటే పొదుగులోకి పాలు వదలడం, అమ్మడూ. గేదెకి నచ్చకపోతే దూడ ఎంత కుమ్మినా చుక్క దించదు.

"సాయంత్రం నుంచి నీదే పూచీ. తెల్లారి అరటిగెలల పడవతో పోతున్నా. వారం దాకా రాను" అన్నాడు.

ఆ సాయంత్రం నూకరత్నం చెల్లెలు కొనిచ్చిన పూల నైటీలో, చెంబు పట్టుకుని వెళ్ళింది. నేరేడు ఒక్క తన్ను తన్నింది. చెంబు కుడితి గాబులో పడింది.

ఆ తర్వాత గోదాట్లో మునిగి, పట్నం సబ్బువాసన వదిలేదాకా తోముకుని, తన గళ్ళచీర కట్టుకుని వచ్చింది. "రామ్మా, బంగారుతల్లీ" అని చెవిలో గుసగుసలాడింది. నేరేడు తన్నలేదు. చేపనూ లేదు. ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చూసింది. దాని నెలరోజుల దూడ కుమ్మి కుమ్మి అలిసి, నేలమీద చతికిలబడింది.

ఇదిలాగే వారం సాగితే పాలు ఇంకిపోతాయి, దూడ దక్కదు. నూకరత్నం దూడ వీపు నిమిరింది. దూడగా ఉన్నప్పటి నుంచి సాకిన గేదెకి తానే పనికిరానిదయ్యిందా?

"లే, నేను పితుకుతా. చీర ఇటియ్యి" అన్నాడు ఏడుకొండలు.

అంతే! పదిరోజులు గొంతులో నొక్కిపెట్టిందంతా ఒక్కసారి కట్టతెంచుకుంది.

"ఓసి నీ దుంపతెగ, నల్లమొహమా! అక్కడ నోరు తెరవనివ్వరు, ఇక్కడ నువ్వు చెయ్యి వెయ్యనివ్వవు! తినడానికి తవుడు నేను పెట్టాలి, చేపడానికి మీసాలాయన కావాలా? చస్తున్నానే మీ అందరితో!"

అవతలి ఒడ్డుదాకా వినపడింది. నేరేడు చెవులు రిక్కించింది. ఒళ్ళు వదులు చేసింది. తోక ఊపింది. దూడ మూతినిండా తెల్లని నురగ!

అప్పుడు ఏడుకొండలు నెత్తి గోక్కున్నాడు. "చెప్పడం మరిచానే. ఉత్త చీర చాలదు, నీ తిట్లు కూడా తిట్టాలి. పదిరోజులూ నేను తిట్టాను."

"ఇంతసేపూ చూస్తూ నిలబడి, ఇప్పుడా చెప్పడం, తెలివితక్కువ సన్నాసీ!" అని నూకరత్నం ఇటు తిరిగి మొగుణ్ణి అందుకుంది.

చెంబు నిండింది. ఏడుకొండలు పరుగెత్తి బిందె తెచ్చాడు. "ఆపకే, ఆపకే. ఇంకా వస్తున్నాయి, తిట్టు!"

కథ కంచికి పడవెక్కె,
దూడ కడుపు నిండి సొక్కె,
నిద్ర నీ రెప్పలెక్కె,
మన ఇల్లు మనకు దక్కె.