రెండువేల ఐదువందల ఇరవై ఒకటో కొంగ

అనగా అనగా, మంచుకొండలకు అవతల, మబ్బులు దిగివచ్చి నీళ్లు తాగే ఒక సరస్సు. అందులో రెండువేల ఐదువందల ఇరవై ఒక్క కొంగలు కాపురం ఉండేవి. వాటి రాజు ధవళకంఠుడు.

చలికాలం వస్తే దక్షిణానికి ఎగిరిపోవాలి. ఉండిపోయిన పక్షి నీళ్లతో పాటే గడ్డకట్టుకుపోతుంది. అయితే ఆ కొంగలకు ఒక ఆచారం ఉంది. అన్నీ సమానమైన వరుసల్లోనే ఎగరాలి. ఒక్క వరుస పొట్టిదైనా అపశకునమే!

మంత్రి దీర్ఘతుండుడు అందరినీ ఒడ్డున బారుగా నిలబెట్టాడు. కళ్లంలో ధాన్యం కొలిచేవాళ్లలాగే, ఒకటి అనకుండా, "లాభం... రెండు... మూడు..." అని రాజు దగ్గర మొదలుపెట్టాడు.

రెండేసి లెక్కపెట్టాడు. ఒకటి మిగిలింది.

ఏడేసి లెక్కపెట్టాడు. ఒకటి మిగిలింది.

పదేసి లెక్కపెట్టాడు. మళ్లీ ఒకటే!

ప్రతిసారీ మిగిలింది బారు చివరనున్న చినుకు. నిరుడు గాలివానలో దారితప్పి వచ్చి ఈ గుంపులో చేరిన పిల్లకొంగ.

"మహారాజా, ఈ పిల్ల లేకపోతే మనది ఎంత చక్కని సంఖ్యో! రెండు నుంచి పది దాకా దేనితో భాగించినా శేషం ఉండదు. దీన్ని వదిలేద్దాం" అన్నాడు మంత్రి.

రాజు తల దించుకుని, సరేనన్నాడు.

చినుకు కళ్లు చెమ్మగిల్లాయి. "తడిసి వచ్చిన నాకు మీ రెక్కల కింద చోటిచ్చారు ప్రభూ. ఆ వెచ్చదనం మరువను. ఒక్క మనవి. ఎప్పుడూ చివరిదాన్నే కదా, ఒక్కసారి నా దగ్గర లెక్క మొదలుపెట్టించండి. లాభం అనిపించుకుని ఉండిపోతాను."

"పిల్లది అడిగింది, కానివ్వవయ్యా" అన్నాడు రాజు.

మంత్రి చినుకు ముందు నిలబడి "లాభం" అన్నాడు. ఆ మాటకు దాని మెడ ఎంత పొడుగు సాగిందో! లెక్క బారు అటు చివరకు వచ్చింది. మంత్రి ముక్కు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది.

"ఏమైంది?" అన్నాడు రాజు.

"ఒ... ఒకటి మిగిలింది మహారాజా."

"ఎవరది?"

"తమరే!"

కొంగలన్నీ గొల్లున నవ్వాయి. రాజు మాత్రం నవ్వలేదు. గడ్డకడుతున్న నీళ్లకేసి చూశాడు. "తప్పు పక్షిది కాదన్నమాట. ఆ సంఖ్య గుణమే అంత. ఎటు లెక్కిస్తే అటు చివరివాడు మిగులుతాడు. మరి ఏం చేద్దామమ్మా?"

"లెక్కలో మిగిలిపోయిన ఒక్కరిని ముందు పెట్టండి ప్రభూ" అంది చినుకు. "అటు సగం, ఇటు సగం. రెండు వరుసలూ సమానం. ముందున్నవాళ్లు గాలిని చీలుస్తారు. అలసిపోతే ఇంకొకరు."

ముందు రాజే నిలిచాడు. ఆయన అలసినప్పుడు చినుకు ముందుకొచ్చింది. వెనకనున్న రెండువేల ఐదువందల ఇరవై గొంతులూ దానికి దండాలు చెప్పాయి. సాయంత్రపు ఆకాశంలో కొంగల బారు కూస్తూ వెళుతుంటే చెవి పెట్టి వినండి. ఆ దండాలే అవి.

మిగిలిపోయినవాడని ఎవరినీ విడిచిపెట్టకు. లెక్క అటునుంచి మొదలైతే ఆ మిగిలేది నువ్వే.