పచ్చగీత అమ్మవారు వెలసిన వైనం

సింగిరాయి కొండ దిగువన విశ్వవిద్యాలయం వారు నడిపే ప్రజావనంలో, తూర్పు గేటు దాటి నూరడుగులు వేస్తే అంకుడు చెట్టు కింద పసుపు పూసిన గద్దె కనిపిస్తుంది. అక్కడ విగ్రహం లేదు. చెట్టు బెరడు మీద మోకాలెత్తున అరచేయంత మచ్చ ఉంది. దానినే భక్తులు పచ్చగీత అమ్మవారిగా కొలుస్తారు. పూజారి కూడా లేడు. వంతుల ప్రకారం తోటమాలులే దీపం పెడతారు.

పూర్వం ఇక్కడ నూకాలు అనే తోటమాలి ఉండేది. భర్త పోయిన ఏడాది పనిలో చేరి, మొట్టమొదట తన చేత్తో నాటిన మొక్క ఈ అంకుడు. ఆమెకు ఎవరి మీదా నమ్మకం లేదు. ఎరువు బస్తా వస్తే ముడి విప్పి వాసన చూసేది. వాన కురిసినా నమ్మక బిందెతో మళ్ళీ నీళ్ళు పోసేది. అటువంటి మనిషి చెవిన వన పునరుద్ధరణ అనే మాట పడింది.

విశ్వవిద్యాలయం వారు అందుకోసం ఒక సంఘం వేశారు. దాని పెద్ద ఆచార్య పెద్దింటి శరభయ్య ఫాల్గుణ మాసంలో జాబితా పట్టుకుని వనమంతా తిరిగి, ఎండిపోయినవని పన్నెండు చెట్లకు ఎర్రరంగు పూయించాడు. వాటిలో అంకుడు కూడా ఉంది. వారం తిరిగితే గొడ్డలి పడుతుంది. ఫాల్గుణంలో ఆకు రాల్చిన చెట్టును చూసి చచ్చిందనడం పుస్తకాల మనిషి మాత్రమే చేయగల పొరపాటు. నూకాలు దానిని పొరపాటు అనుకోలేదు, కుట్ర అనుకుంది. చెట్లు కొట్టేసి అతిథిగృహం కడతారని ఆమె అనుమానం. టేపుతో కొలిచేవారి వెనకే నడిచింది. గొడ్డళ్ళను పేడగుట్టలో దాచింది. అన్నం మూటతో అంకుడు కిందే కాపు కాసింది.

"ఇది బతికే ఉందని నీకెలా తెలుసమ్మా?" అని శరభయ్య విసుక్కున్నాడు.

"నానెరుగుదును బాబూ. సచ్చిందని తమరెలాగ రాసినారో సెప్పండి," అంది నూకాలు.

నోటితో అలా అన్నది గాని ఆమె గుండెల్లో రాయి పడింది. కిందటి వానల్లోనూ ఆ చెట్టు సరిగా చిగురు వేయలేదు. బెరడు గీరి చూస్తే నిజం తెలిసిపోతుంది; లోపల పచ్చగా ఉంటే ప్రాణమున్నట్టు, గోధుమరంగైతే చచ్చినట్టు. తోటపనిలో అందరూ చేసేదే అది. లోకాన్నంతా అనుమానించిన ఆ తల్లి, తన చెట్టును పరీక్షించడానికి మాత్రం భయపడింది.

ఆ మధ్యాహ్నం ఆమెకు కునుకు పట్టింది. కలలో పసుపు చీర కట్టిన ముత్తైదువ కనిపించి, "నన్ను గీరి చూడు" అన్నది. నూకాలు కలలోనూ ఊరుకోలేదు.

"నువ్వు అమ్మవేనా, ఆపీసోలు పంపిన మనిసివా?" అని నిలదీసింది.

అమ్మ నవ్వింది. "నన్ను అనుమానించు, తప్పులేదు. చూడకుండా మాత్రం ఏడవకు," అని మాయమైంది.

నూకాలు లేచి శరభయ్యను, మాలులను పిలిచింది. పైకొమ్మ గీరితే లోపల గోధుమరంగు. నడికొమ్మ గీరితే పొట్టు రాలింది. మోకాళ్ళ మీద కూలబడి మాను మీద గోరు దించింది. పచ్చటి గీత పడింది. దాని మీద పాలబొట్టు నిలిచింది. నూకాలు చెట్టును కావలించుకుని భోరుమంది.

శరభయ్య చెప్పులు విడిచాడు. తక్కిన పదకొండు చెట్లనూ తన గోటితో గీరాడు. తొమ్మిదింటికి ప్రాణముంది. రెండు నిజంగానే చచ్చాయి. ఆ రెండింటి కోసం గొడ్డలి తెచ్చి ఇచ్చింది నూకాలే. అతిథిగృహం ఆలోచన ఎవరికీ లేదని ఆనాడే తేలింది. అయినా ఆయన వెళ్ళేదాకా ఆమె గేటు దగ్గర నిలబడి చూసిందట.

నేటికీ ఈ వనానికి కొత్త అధికారి వస్తే, చెప్పులు విడిచి, మాలులు చూపిన ఎండుకొమ్మను గోటితో గీరి అందరికీ చూపాలి. అంతవరకు మాలులు తాళాలు ఇవ్వరు. వైద్యులు పెదవి విరిచిన రోగులను బంధువులు ఈ గద్దె వద్దకు తెస్తారు. వంతులో ఉన్న మాలి రోగి బొటనవేలి గోరు నొక్కి వదులుతాడు. తెల్లబడిన గోటిలోకి ఎరుపు తిరిగి వస్తుందో లేదో చూడకుండా ఎవరూ ఏడవరాదని నియమం. అవసాన కాలమని నూకాలును కూడా అలాగే మోసుకొచ్చారు. మాలి గోరు నొక్కి, "ఉందమ్మా" అన్నాడు. ఆమె ఆ మాట నమ్మక, తానే మళ్ళీ నొక్కి చూసుకుని, లేచి బిందె అడిగిందట. ఆ తరువాత మూడు వానాకాలాలు ఈ చెట్టుకు ఆమే నీళ్ళు పోసింది. నమ్మి వచ్చినవారినీ, నమ్మక చూసిపోదామని వచ్చినవారినీ అమ్మ ఒకేలా చల్లగా చూస్తుంది.