చచ్చినవాళ్ళు పంపిన చిట్టా

రండర్రా, పక్కల మీదకి చేరండి. మీ అమ్మ రాదులే. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే మనిషికి పాఠం చెప్పే తీరికే లేకుండా చేశారు, పొద్దస్తమానం రిపోర్టులే! నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆ మంటలోనే చెబుతున్నా, వినండి.

అనగనగా ఒక రాజ్యం, ఆ రాజ్యం కొసన ఒక పెద్ద చెరువు. దాని గట్టు కాసే నీరటి పోలయ్య. తూము ఎత్తడం, దించడం, గట్టుకి బొక్క పడితే మట్టి వెయ్యడం ఆయన పని. ఆయన కోడలు నాంచారి. మామకి దగ్గరి చూపు ఆనదని రాతకోతలన్నీ ఆ పిల్లే చూసేది.

దివాణం వాళ్ళేమో నెలనెలా నలభై తాటాకుల చిట్టా పంపాలన్నారు. నీళ్ళెంత లోతు? సరే, అది అడగాలి. కొంగలెన్ని? కప్పలెన్ని? కప్పల్ని ఎవరు లెక్కపెట్టారు? లెక్కపెట్టినవాణ్ణి ఎవరు చూశారు? హవ్వ! ఊ కొట్టండర్రా, నిద్రపోతున్నారా ఏంటి?

ఇంతలో గట్టుకి చెయ్యి పట్టేంత బొక్క పడింది. కింద మూడు ఊళ్ళున్నాయి. మామా, మట్టెందుకు వెయ్యలేదు? కప్పల్ని లెక్కపెడుతున్నానమ్మా. కప్పలెందుకు? చిట్టాకి. చిట్టా ఎందుకు? దివాణం అడిగింది. దివాణమెందుకు అడిగింది? పోయినేడూ అడిగింది గనక! చిట్టా ఆగితే కొలువు ఊడుతుందని ముసలాయన భయం.

గట్టు కారుతోంది, పూడ్చడం మా ఇద్దరి వల్లా కాదు, మనుషుల్ని పంపండి బాబూ అని నాంచారి మూడు నెలలుగా, గట్టు సంగతి రాసే పదిహేడో ఆకులో రాస్తూనే ఉంది. ఒక్కడు రాలేదు. బొక్క పెద్దదైంది, వానలు దగ్గర పడ్డాయి. దాంతో ఆ పిల్లకి తిక్క రేగింది. ఈసారి పదిహేడో ఆకులో ఏం రాసిందో తెలుసా? గట్టు తెగింది, మూడు ఊళ్ళూ కొట్టుకుపోయాయి, మామా నేనూ కూడా చచ్చిపోయాం, చిత్తగించండి అని రాసింది.

జవాబొచ్చింది. "మీ చిట్టా అందినది. నలభై ఆకులూ సరిపోయినవి. వచ్చే నెలది ఆలస్యం చేయరాదు."

ఆ జవాబు పట్టుకుని నాంచారి తిన్నగా కొలువుకే పోయింది. నేను చచ్చిన నాంచారిని మహారాజా, ఇదుగో మీవాళ్ళిచ్చిన రుజువు అంది. రాజు ముందు నవ్వాడు. చదివాక మొహం మాడిపోయింది. ఇవి ఎవరు చదువుతున్నారయ్యా అని మంత్రిని అడిగితే, నలభై ఉన్నాయో లేదో చూస్తాం ప్రభూ, చదవడానికి తీరికెక్కడిది అన్నాడు. సిగ్గు లేకపోతే సరి!

అడగమన్నది తానే కదా, రాజుకి తల కొట్టేసినట్టయింది. నూరుమందిని వెంటబెట్టుకుపోయి, తనూ తట్ట నెత్తిన పెట్టుకుని మట్టి మోశాడు. బొక్క పూడిన మర్నాడే కుంభవృష్టి. గట్టు నిలిచింది, మూడు ఊళ్ళూ బతికాయి.

అప్పుడు రాజు చాటింపు వేయించాడు. ఇకమీదట ఒక్కటే ఆకు, నీళ్ళ లోతూ గట్టు సంగతీ చాలు. రెండో ఆకు అడిగినవాడు దాన్ని కొలువులో నిలబడి అందరికీ వినపడేలా చదవాలి. అంతే! ఆ రోజు నుంచి కప్పల ఊసెత్తినవాడు లేడు. పోలయ్య హాయిగా గట్టు మీద తిరుగుతూ గట్టు చూసుకున్నాడు.

అడగొద్దనను నేను. అడిగినవాడు చదవాలి, చదివి కదలాలి. లేకపోతే ఎదుటివాళ్ళ బతుకెందుకు నమిలెయ్యడం?

సరే, కథ కంచి దారి పట్టింది. మీరు మీ అమ్మ గదిలోకి పోయి, ఆ కంప్యూటర్ ముందునుంచి చెయ్యి పట్టుకు లాక్కురండి. కప్పల సంగతి రేపు చూసుకుంటుందిలే.