అత్తగారి పీటకి పాతరంగు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో లోవరాజని ఒక ఇల్లరికపు అల్లుడు. వడ్రంగం అతనికి ఎవరూ నేర్పలేదు, తనే నేర్చుకున్నాడు. నాకు వంట వచ్చినట్టేలే నాన్నా, తినేవాళ్ళ ఖర్మ!

వాళ్ళత్తగారు అచ్చియ్యమ్మకి ఒక పీట ఉండేది. అలలకి కొట్టుకొచ్చిన చెక్కతో వాళ్ళాయన చేసిచ్చింది. ఉప్పునీళ్ళలో నాని, ఎండకి ఎండి బూడిదరంగు తేలిపోయింది. ఆయన పోయాడు, పీట మిగిలింది. దానిమీద ఆవిడ తప్ప ఇంకెవరూ కూర్చోకూడదు. లోవరాజైతే పెళ్ళయిన ఆరేళ్ళుగా నేలమీదే.

ఒకసారి ఆవిడ చెల్లెలి ఊరెళ్తూ, "అల్లుడూ, పీట జాగ్రత్త. దానికేమన్నా అయిందో, నువ్వు మీ అమ్మ ఇంటికే" అంది.

మర్నాడు లోవరాజు నీళ్ళపొయ్యిలోకి ఓ పాత చెక్క తోశాడు. అది భగ్గుమన్నాక లోపలికెళ్ళి చూస్తే పీట లేదు! పొయ్యిలో తగలేసింది ఆ పీటనే అనుకున్నాడు. పెళ్ళానికి కూడా చెప్పలేదు. పాకలో దూరి తలుపేసుకుని కొత్త చెక్కతో పీట కొట్టేశాడు. మరి దాన్ని పాతది చెయ్యడమెలా?

అప్పుడు పడవలకేసే బూడిదరంగు పూశాడు. పీట ఇనప్పెట్టెలా మెరిసింది. గీకేశాడు.

ఆ తర్వాత సున్నం కొట్టాడు. పీట గోడలా తయారైంది. మళ్ళీ గీకేశాడు.

ఆ తర్వాత ఇనుప బ్రష్షుతో గీరి గీరి మెత్తటి చెక్కంతా లేపేశాడు. చారలు పైకి తేలాయి. చిక్కటి టీ డికాషను పట్టించాడు. పులిసిన కల్లులో తుప్పు మేకులు నానేసి ఆ నీళ్ళు రాశాడు. చూస్తుండగానే చెక్క నల్లబడింది. హడలిపోయి పల్చటి సున్నపునీళ్ళు పూసి గుడ్డతో తుడిచేశాడు. అమ్మ బాబోయ్! యాభై ఏళ్ళు సముద్రంలో నానినట్టే ఉంది.

సంబరంగా తెచ్చి వంటింట్లో పెట్టాడు. పక్కనే ఇంకో పీట! అచ్చం అలాంటిదే.

"ఇదెక్కడిదే?" అన్నాడు పెళ్ళాం నూకరత్నంతో.

"అమ్మ పీటే కదయ్యా. పక్కింటి చంటిదానికి నీళ్ళు పొయ్యడానికి పట్టుకెళ్ళారు. ఇప్పుడే తెచ్చిచ్చారు."

"మరి నేను తగలేసిందేంటి?"

"పెరట్లో విరిగిన తలుపు చెక్క. ఏం?"

లోవరాజు రెండిట్నీ తిప్పి చూశాడు. అటుదిటు, ఇటుదటు జరిపాడు. వాసన చూశాడు. ఇంకేముంది, ఏది అత్తగారిదో ఏది తనదో మర్చిపోయాడు!

అంతలోనే అచ్చియ్యమ్మ గుమ్మంలో దిగింది. జరిగిందంతా ఏడుపు గొంతుతో చెప్పేశాడు. ఆవిడ ఒకదానిమీద కూర్చుంది. లేచి రెండోదానిమీద కూర్చుంది. మళ్ళీ మొదటిదానిమీదే కూర్చుంది. చెక్కని చాలాసేపు నిమిరింది.

"నాకూ తెలీడం లేదు అల్లుడూ. ఏది ఆయనదో తేలేదాకా రెండూ ఉండాలి. ఒకదానిమీద నేను కూర్చుంటా. రెండోది ఖాళీగా ఉంటే చెదలు పడుతుంది. కూర్చో, అన్నం తిను."

లోవరాజు బితుకుబితుకుమంటూ కూర్చున్నాడు. మావగారి పీటో, తన పీటో తెలీక, పప్పులో మజ్జిగ పోసుకుని తినేశాడు.

ఏది ఎవరిదో ఇప్పటికీ తేల్లేదు నాన్నా. తేల్చాలని ఆ ఇంట్లో ఎవరికీ తొందరా లేదు.

పాత పీట అత్తకో, కొత్త పీట అల్లుడికో,
కొత్త పీట అత్తకో, పాత పీట అల్లుడికో,
కథేమో కంచికి పోయె, కునుకేమో కంటికి వచ్చె!