పానకాలుగారింట్లో చంద్రుడి గుంటలు

చెప్పిన మాట వినే మగవాళ్ళు లోకంలో ముగ్గురే ఉన్నారనీ, ఆ ముగ్గురూ తమ ఇంట్లోనే ఉన్నారనీ పానకాలుగారి నమ్మకం. ఆయన, పెద్దకొడుకు చిదంబరం, చిన్నకొడుకు గవర్రాజు. "మాకు మాట చెప్తే చాలు, అక్షరం పొల్లు పోనివ్వం" అని మీసం దువ్వేవారు. నిజమే. కోడలు అలివేలు ఏడుపూ అదే.

అలివేలు ఆడపిల్లల బడిలో సైన్సు పంతులమ్మ. ఊరికి ఒక్క టెలిస్కోపు వచ్చింది. ఆమె ఈ సాయంత్రం చంద్రుడి మీది గుంటను ఫోటో తీసి పంపితే అది ఆడపిల్లల బడికి, లేకపోతే మగపిల్లల బడికి అని విద్యా కమిటీ అధ్యక్షులవారు తేల్చేశారు.

పొద్దు వాలుతుండగా పెరట్లో టెలిస్కోపు నిలబెట్టింది. పైన సగం చంద్రుడు. సెల్‌ఫోను గొట్టానికి ఆనించి, "అయ్యో, జారిపోతున్నాడు!" అంది. భూమి తిరుగుతుంటే చంద్రుడు గొట్టంలోంచి తప్పుకుంటాడు మరి. అంతే, గవర్రాజు పరుపు తెచ్చి పెరట్లో పరిచాడు.

"పడనీ వదినా, దెబ్బ తగలదు!"

పరుపు తగిలి టెలిస్కోపు పక్కకి తిరిగింది. మళ్ళీ సర్దుకుంటూ, "నీడ పడితేనే గుంట లోతు తెలుస్తుంది" అని గొణుక్కుంది. ఇంకేముంది, పానకాలుగారు గొడుగు విప్పి గొట్టం మూతికి అడ్డంపెట్టారు.

"చాలా అమ్మాయ్, ఇంకా కావాలా?"

"ఇక్కడ కాదు మామయ్యగారూ, నీడ చంద్రుడి మీద ఉండాలి!"

"ముందే చెప్పొద్దూ! ఒరే, నిచ్చెన!"

గొడుగుతో ఇంటికప్పు ఎక్కారు. ముందు పెంకులు దిగాయి, వెనకే ఆయన దిగారు, పరుపు మీదికి. "చూశావా మా వాడి ముందుచూపు!" అన్నారు.

ఎలాగో ఒక ఫోటో పడింది. చూసి చిదంబరం గుండె బాదుకున్నాడు. "ఇన్ని గుంటలున్న మొహాన్ని పెద్దవాళ్ళకి పంపుతావా?" పెళ్ళిచూపుల ఫోటోల్లో ఆడపిల్లల మొటిమలు మాయం చేసే మీట ఉంది కదా, అది నొక్కాడు. చంద్రుడు గుడ్డుపెంకులా నున్నగా తయారయ్యాడు. అసలు ఫోటో పోయింది.

అలివేలుకి ఒళ్ళు మండింది. "నాకు గుంట కావాలండీ! మధ్యలో కొండ ఉండే గుంట!" అంది. చంద్రుడి పెద్దగుంటల్లో కొన్నిటికి నడిమధ్య కొండ ఉంటుంది మరి.

"కొండ కూడానా? సరే."

ముగ్గురూ గడ్డపార పట్టుకుని వీధివైపు వెళ్ళారు. హమ్మయ్య అనుకుని, ఆ ప్రశాంతతలో అలివేలు అద్దంలాంటి ఫోటో తీసి పంపింది. వీధిలో చిదంబరం నిలువులోతు గుంట తవ్వి, తండ్రిని మధ్యలో కూర్చోబెట్టి, తెల్లదుప్పటి కప్పి, తనూ ఒక ఫోటో తీసి పంపాడు.

అధ్యక్షులవారి జవాబు చప్పున వచ్చింది. "పంతులమ్మ తీసిన గుంట మరీ చిన్నది. భర్తగారు తీసింది ఘనంగా ఉంది, కొండ చక్కగా కనిపిస్తోంది. టెలిస్కోపు ఆడపిల్లల బడికే ఇస్తున్నాం. నేర్పే బాధ్యత చిదంబరంగారిది."

అలివేలు ఏదో అనబోయి నోరు మూసుకుంది. ఈ ఇంట్లో మాట జారితే ఏమవుతుందో ఆమెకి తెలుసు.

మర్నాడు చిదంబరం తరగతిలోకి దర్జాగా వచ్చి, గచ్చులో గడ్డపార దింపి, పిల్లల వైపు తిరిగాడు.

"చెప్పండమ్మా, మీలో కొండగా ఎవరు కూర్చుంటారు?"