మూడో ఊపిరి

ఎల్లాజీ మాస్టారిని ఏ ప్రశ్న అడిగినా వెంటనే జవాబు రాదు. అడిగిన మనిషిని ఎగాదిగా చూసి "రేపు పొద్దున్న రా" అంటాడు. వెళ్తే, ఒక పీట చూపించి కూర్చోమని, తన పని తాను చేసుకుంటాడు. జవాబు ఆ పనిలోనే ఎక్కడో ఉందని చాలామందికి తట్టదు. విసుక్కుని లేచి వెళ్లిపోతారు. ఇందుమతి అలా లేచిపోయే రకం కాదు. ఆవిడ అనుమానం మనిషి. అనుమానించేవాళ్లకు ఓపిక ఎక్కువ.

ఇందుమతి విశాఖలోని ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. పదకొండేళ్లుగా సముద్రపు స్పంజికల మీద పాఠం చెబుతోంది గానీ, సీసాల్లో పాలిపోయి పడి ఉన్నవాటిని తప్ప బతికున్నదాన్ని ఒక్కదాన్ని కూడా చూసి ఎరగదు. ఆ ఏడు తీరం పొడుగునా నీటి అడుగున సర్వే చేసే బృందంలో ఆవిడకు చోటు దొరికింది. షరతు ఒక్కటే. వచ్చే నెల పదో తేదీలోగా స్కూబా డైవింగు నేర్చుకుని, గుర్తింపున్న సంస్థ ఇచ్చిన కార్డు చూపించాలి. చూపించకపోతే ఆ చోటు ఇంకొకరిది, మళ్లీ సర్వే ఎన్నేళ్లకో ఎవరికీ తెలియదు. 

భీమిలికి ఇవతల ఆ ఇసుకలో మూడు డైవింగు బడులున్నాయి. వాటి వెనక కార్డులిచ్చే సంస్థలు రెండు. ఒకటి పెద్దది, దాని కార్డు ఏ దేశం వెళ్లినా చెల్లుతుందంటారు. దాని పేరు మీద రెండు బడులు నడుస్తున్నాయి. రెండోది పాతది, క్రమశిక్షణకు పెట్టింది పేరు. దానిది ఒకే బడి. ఇందుమతి మూడింటికీ వెళ్లొచ్చింది. నాలుగు రోజుల్లో కార్డు అంటే అంత తొందరేమిటని అనుమానించింది. పన్నెండు రోజులంటే ఆ సాగదీత ఎందుకని అనుమానించింది. నవ్వుతూ మాట్లాడినవాడు ఏదో దాస్తున్నాడనుకుంది, ముభావంగా ఉన్న మనిషికి ఏమీ రాదనుకుంది. బజార్లో ప్రతి బెండకాయకూ కొస విరిచి చూసి గాని తట్టలో వేసుకోని మనిషికి ఇదేమీ కొత్త కాదు. చివరికి నోట్‌బుక్కులో నిలువు గీత గీసి, ఇటు పెద్ద సంస్థ, అటు పాత సంస్థ అని రాసి, రెండు వైపులా లోపాలు నింపుకుంటూ వారం రోజులు గడిపేసింది. పదో తేదీ మాత్రం ఆగలేదు.

లోకంలో ఆవిడ అనుమానించని మనిషి ఎల్లాజీ మాస్టారొక్కడే. పోర్టులో ముప్పై ఏళ్లు ఓడల అడుగున పనిచేసి రిటైరైన డైవరాయన. ఇప్పుడు ఒడ్డున రేకుల షెడ్డులో కంప్రెసరు పెట్టుకుని మూడు బడుల సిలిండర్లకూ గాలి నింపి ఇస్తాడు. ఇందుమతికి ఈత నేర్పింది ఆయనే. నీళ్లంటే గజగజలాడిన రోజుల్లో తల కింద అరచెయ్యి పెట్టి తేల్చాడు. ఆ చెయ్యి మీద ఆవిడకు కొండంత నమ్మకం.

"రెండిట్లో ఏ సంస్థని నమ్మమంటారు మాస్టారూ?" అని నోట్‌బుక్కు చూపిస్తూ అడిగింది.

"రేపు పొద్దున్న రా తల్లీ. ఆ పుస్తకం కూడా అట్టుకురా" అన్నాడాయన.

మర్నాడు ఏడింటికల్లా ఇందుమతి షెడ్డులో పీట మీద కూర్చుంది. ఒళ్లో నోట్‌బుక్కు, చేతిలో పెన్ను. గొట్టాలూ గేజీ బిగించిన సిలిండర్లు గోడవార నిలబెట్టి ఉన్నాయి. మాస్టారు ఒక్కొక్కదాని వాల్వూ తెరిచి, గేజి ముల్లు నిండుగా పైకి లేచాక మళ్లీ మూసేస్తున్నాడు. ఎందుకని ఆవిడ అడగలేదు. ఆయన చేస్తున్నాడంటే దానికో లెక్క ఉంటుందనుకుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సిలిండరు వీపున వేసుకునే ముందు డైవరు ఎవరైనా సరే, గేజి మీద కన్నుంచి రెండు మూడు ఊపిరులు పీల్చి చూడాలి. వాల్వు మూసి ఉన్నా గొట్టంలో మిగిలిన గాలికే ముల్లు నిండుగా నిలబడి ఉంటుంది. పీల్చేకొద్దీ పడిపోతుంది, మూడో ఊపిరికో నాలుగో ఊపిరికో గాలి అందదు. రెండు సంస్థల పుస్తకాల్లోనూ ఇది మొదటి రోజు పాఠం. ఇందుమతి రెండు పుస్తకాలూ చదివింది, ఆ వాక్యం కింద గీత కూడా గీసుకుంది.

మొదట వచ్చినవాడు పెద్ద సంస్థ బడి నడిపే సన్యాసిరావు. చొక్కా నిండా బిళ్లలు కుట్టించుకున్న మనిషి. మాస్టారు అందించిన సిలిండరు అమాంతం వీపునేసుకుని కదలబోయాడు.

"సూడవేటి?" అన్నాడు మాస్టారు.

"మీ సెయ్యి పడ్డాక ఇంకేటి సూడాల మాస్టారూ!"

"అయినా ఓపాలి పీల్చు."

సన్యాసిరావు నవ్వుతూ మౌత్‌పీస్ నోట పెట్టుకున్నాడు. మూడో ఊపిరికి నవ్వు పోయింది, కళ్లు పెద్దవయ్యాయి. వాల్వు తిప్పుకుని, తల వంచుకుని వెళ్లిపోయాడు. ఇందుమతికి తన అనుమానం పండినందుకు లోలోపల సంబరమేసింది. పెద్ద సంస్థ పేరు అడ్డంగా కొట్టేసింది.

తర్వాత పాత సంస్థ కృపానందం వచ్చాడు. గేజి చూశాడు గానీ పీల్చలేదు. "నిండుగా ఉంది, పైగా మీరిచ్చిందాయె" అన్నాడు. ఆయనకూ మూడో ఊపిరే ఎదురైంది. ఇందుమతి రెండో పేరూ కొట్టేసింది. కొట్టేశాక గాని తెలియలేదు, పుస్తకంలో ఇంక పేరే మిగల్లేదని. పదో తేదీ గుర్తొచ్చింది.

మూడోది కాసులమ్మ. మూడో బడి నడిపేది ఆమే; వలలు కుట్టే ఇంటి పిల్ల, ముభావంగా ఉంటుంది. ఇందుమతి ఆమెతో రెండు నిమిషాలు మాట్లాడి, ఏ సంస్థో కూడా అడక్కుండానే, ఈవిడకేమీ రాదని తేల్చేసి వచ్చింది. కాసులమ్మ సిలిండరు తీసుకుని, గేజి కళ్లెదుట పెట్టుకుని పీల్చింది. ఇంకోసారి పీల్చింది. ముల్లు జారడం చూసి మాస్టారి వైపు కొరకొరా చూసింది.

"మూసిచ్చారేటి?" అంది.

"నన్నే అనుమానిస్తావా?"

"మిమ్మల్ని కాదు మాస్టారూ, సిలిండర్ని" అని వాల్వు పూర్తిగా తెరుచుకుని, మళ్లీ రెండుసార్లు పీల్చి చూసుకుంది.

ఇందుమతి గబగబా పెన్ను తీసింది. "నీది ఏ సంస్థమ్మా?"

"పెద్దదే. సన్యాసిరావు గారిదీ నాదీ ఒకటే కదండీ."

ఇందుమతి కొట్టేసిన పేరు వంక చూసింది. వారం రోజుల పట్టిక ఎందుకూ పనికిరాలేదు. సిగ్గేసింది, వెంటనే తేలిగ్గానూ అనిపించింది. నోట్‌బుక్కు మూసి లేచి నిలబడింది.

"అర్థమైంది మాస్టారూ. చూడాల్సింది సంస్థని కాదు, మనిషిని. కాసులమ్మ దగ్గరే చేరతాను. పదో తేదీకి ఇంకా పదిహేను రోజులుంది."

"మంచిదే. మరింకేటి, ఇయాలే దిగు" అంటూ మాస్టారు గోడవార ఉన్న ఇంకో సిలిండరు ఎత్తి, స్వయంగా ఆవిడ వీపుకు పట్టీలు బిగించాడు. కాసులమ్మ ఏదో అనబోతే కంటితోనే ఆపాడు.

ముగ్గురూ గుండెలోతు నీళ్లదాకా నడిచారు. కాసులమ్మ చేతికి అందేంత దగ్గరలో నిలబడింది. ఇందుమతి మౌత్‌పీస్ నోట పెట్టుకుని, మోకాళ్లు వంచి నీళ్లలోకి మునిగింది. పచ్చటి వెలుగు, చెవుల్లో తన ఊపిరి చప్పుడు. ఒకటి. బతికున్న స్పంజికలు ఏ రంగులో ఉంటాయో అనుకుంది. రెండు. మూడోది గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. ఎంత లాగినా ఏమీ రాలేదు. కాళ్లు తన్నుకుంటూ, కాసులమ్మ భుజం పట్టుకుని లేచింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. సర్వే జరిగేది పద్దెనిమిది మీటర్ల లోతున. అక్కడ లేచి నిలబడటానికి ఉండదు. ఆ ఆలోచన వెనకే ఒళ్లుమండే కోపం వచ్చింది.

"మీరే ఇచ్చారు కదా మాస్టారూ!" అని అరిచింది.

ఎల్లాజీ మాస్టారు ఆవిడ వీపు వెనక్కి చెయ్యి పోనిచ్చి, నెమ్మదిగా వాల్వు తిప్పాడు.

"ఆళ్లిద్దరూ ఇదే మాటన్నారు తల్లీ" అన్నాడు.